పైనుంచి చూసి ఊరు పోల్చండి!

ముందుగా ఒక పొడుపుకథ. నల్లని గుండ్రటి బిళ్ళ ఒకటి రోడ్డు మీద మెల్లగా జరిగిపోతోంది. దాని కిందనుంచి చిన్న ముక్క ఒకటి ఒకసారి కుడివైపు, మరొకసారి ఎడమవైపు బయటికి తొంగిచూసి మళ్ళీ లోపలికి పోతోంది. ఏమిటది?

తాబేలు అనుకున్నారా? కాదు. గొడుగు వేసుకుని బడికి వస్తున్న మీ లెక్కల మాస్టారు! మీరు మేడమీద పిట్టగోడ దగ్గర నిలబడి తిన్నగా కిందికి చూస్తున్నారు, అంతే.

రోజూ చూసే మాస్టారిని ఎందుకు పోల్చుకోలేకపోయాం? పుట్టినప్పటి నుంచి మనం లోకాన్ని పక్కనుంచి చూడడానికే అలవాటు పడ్డాం. కొబ్బరిచెట్టు అనగానే పొడుగాటి మాను, దాని చివర మట్టల గుత్తి గుర్తుకొస్తాయి. పైనుంచి చూస్తే మాను కనబడదు. మట్టలు మాత్రం పచ్చని నక్షత్రంలాగా పరుచుకుని ఉంటాయి. బావి ఒక నల్లచుక్క. రైలుబండి ఒక గీత. పక్కనుంచి చూసినప్పుడు అంత ఎత్తున కనిపించే గుడి గోపురం పైనుంచి చూస్తే ఉత్త దీర్ఘచతురస్రం!

మేడమీద నుంచే ఇంత తికమకగా ఉంటే, విమానంలోంచి, ఉపగ్రహంలోంచి తీసిన చిత్రాన్ని చేతికిచ్చి "ఇది ఏ ఊరో చెప్పు" అంటే ఎలా? చెప్పవచ్చు. దానికి మంత్రాలు అక్కర్లేదు. భూగోళం, కొంచెం లెక్కలు, బోలెడంత ఓపిక ఉంటే చాలు. ఈ విద్య తెలిసిన ఒక యువకుడు, పాతికేళ్ళ కిందట తప్పిపోయిన తన ఊరిని ఆకాశం నుంచి వెతికి పట్టుకున్నాడు. ఆ కథ కాసేపటికి వస్తుంది. ముందు విద్య నేర్చుకుందాం.

కెమెరా ఆకాశానికెక్కిన కథ

1858లో నాడార్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫరు బెలూన్ ఎక్కి, పారిస్ దగ్గర నేలను ఫొటో తీశాడు. ఆ ఫొటో ఇప్పుడు దొరకదు. 1860లో జేమ్స్ వాలస్ బ్లాక్ అనే ఆయన అమెరికాలోని బోస్టన్ నగరాన్ని బెలూన్ నుంచి తీసిన ఫొటో మాత్రం భద్రంగా ఉంది. తరువాత జర్మనీలో ఒక మందుల వ్యాపారి పావురాల రొమ్ముకు బుల్లి కెమెరాలు కట్టి ఎగరేశాడు. పావురం ఇంటికి చేరేలోగా కెమెరా దానంతటదే ఫొటోలు తీసేది! అటుపైన విమానాలు వచ్చాయి. 1946 అక్టోబరు 24న అమెరికాలో ఎగరేసిన వి-2 రాకెట్ సుమారు 105 కిలోమీటర్ల ఎత్తు నుంచి భూమిని ఫొటో తీసింది. అంతరిక్షం నుంచి తీసిన మొదటి ఫొటో అదే.

1972 జులైలో అమెరికా ల్యాండ్‌శాట్-1 ఉపగ్రహాన్ని పంపింది. సుమారు 900 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, 18 రోజులకొకసారి అదే చోటును మళ్ళీ చూడడం దాని పని. మనదేశం ఇదే పనికోసం తయారుచేసిన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహం 1988 మార్చి 17న సోవియట్ యూనియన్‌లోని బైకనూర్ నుంచి కక్ష్యలోకి వెళ్ళింది. మన ఉపగ్రహాలు పంపే సంకేతాలను అందుకునే పెద్ద పెద్ద యాంటెన్నాలు ఎక్కడో లేవు. హైదరాబాదుకు దగ్గరలో, షాద్‌నగర్‌లోనే ఉన్నాయి.

ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న గళ్ళతో అల్లిన చాపలాంటిది. ఒక్కొక్క గడికి ఒకే రంగు. ఐఆర్‌ఎస్-1ఎ తీసిన చిత్రాలలో అన్నిటికంటే సన్నని గడి నేలమీద 36 మీటర్ల చదరం. అంటే మీ బడి మొత్తం రెండు మూడు గళ్ళలో ఇమిడిపోతుంది. మనదేశమే 2019 నవంబరులో పంపిన కార్టోశాట్-3 చూడగల గడి సుమారు పావు మీటరు. ఇప్పుడు బడి ఆవరణలో చెట్లనీ, నిలిపి ఉంచిన బస్సులనీ లెక్కపెట్టవచ్చు.

పత్తేదారు సంచిలో ఏమున్నాయి?

పత్తేదారు వేలిముద్రలు, అడుగుల గుర్తులు చూసి దొంగను పట్టుకున్నట్టే, చిత్రాన్ని చదివేవాడు కొన్ని ఆనవాళ్ళు చూస్తాడు. ముఖ్యమైనవి ఇవి.

మొదటిది ఆకారం. వాగు వంకరలు తిరుగుతుంది. మనిషి తవ్విన కాలువ తిన్నగా పోతుంది. మరి రోడ్డుకూ, రైలు పట్టాలకూ తేడా ఎలా తెలుస్తుంది? రెండూ గీతలే కదా! రోడ్డు ఎక్కడ కావాలంటే అక్కడ గబుక్కున మలుపు తిరగగలదు. రైలు అలా తిరగలేదు; పట్టాలు తప్పుతుంది. అందుకని మలుపుల దగ్గర చూడండి. విల్లులాగా మెల్లగా వంగే గీత రైలుమార్గం.

రెండోది పరిమాణం. చిత్రంలో మీకు కొలత తెలిసిన వస్తువు ఒక్కటి దొరికితే చాలు, మిగతావన్నీ కొలవవచ్చు. మనదేశంలో ఏ ఊరి చిత్రంలోనైనా సాధారణంగా దొరికే స్కేలుబద్ద ఒకటుంది. క్రికెట్ పిచ్! మైదానం మధ్యలో తెల్లని చారలాగా కనిపిస్తుంది. వికెట్ల మధ్య దూరం సుమారు 20 మీటర్లు. చిత్రంలో అది 2 మిల్లీమీటర్లు ఉందనుకోండి. అంటే ఒక మిల్లీమీటరుకు 10 మీటర్లు. పక్కన ఉన్న రేకుల షెడ్డు 15 మిల్లీమీటర్లు ఉంటే దాని నిజమైన పొడవు 150 మీటర్లు. అంత పొడవైన షెడ్డు ఎవరి ఇల్లూ కాదు. ఏ ఫ్యాక్టరీయో, గోడౌనో అయి ఉండాలి. చూశారా, ఒక్క భాగహారంతో ఎంత తెలిసిందో!

మూడోది నీడ. పైనుంచి చూస్తే ఎత్తు తెలియదని చెప్పుకున్నాం కదా. ఎత్తును నీడ చెబుతుంది. ఒకే చిత్రంలో సూర్యుడు ఒకే చోట ఉంటాడు కాబట్టి, చదునైన నేలమీద ఎత్తుకూ నీడ పొడవుకూ నిష్పత్తి అన్నిటికీ ఒకటే. 10 మీటర్ల ఎత్తున్న మేడ నీడ 4 మిల్లీమీటర్లు, పక్కనున్న గుండ్రని చుక్క నీడ 24 మిల్లీమీటర్లు ఉంటే, ఆ చుక్క ఎత్తు 60 మీటర్లు. బావి అనుకున్నది కాస్తా పొగగొట్టమైంది!

నాలుగోది పొరుగు. మనిషి ఎలాంటివాడో వాడి స్నేహితులను చూసి చెప్పమంటారు పెద్దలు. ఇక్కడా అంతే. ఆ పొగగొట్టం పక్కన నల్లని గుట్టలు, అక్కడికి వచ్చే రైలుమార్గం, దగ్గరలో నీళ్ళు ఉంటే అది బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం కావచ్చు. చుట్టూ ఎర్రమట్టి గోతులు, వరసగా పేర్చిన దిమ్మలు ఉంటే ఇటుకల బట్టీ. ఒక్క ఆనవాలును నమ్మకూడదు. నాలుగు సాక్ష్యాలు ఒకే మాట చెబితేనే నమ్మాలి.

నీడ ఆడే అబద్ధం

సాక్షి అబద్ధం చెప్పే సమయాలు కూడా ఉంటాయి. మన కళ్ళు వెలుతురు పైనుంచి పడుతుందని అనుకుంటాయి. అలవాటు అలాంటిది. కాని భూమిని ఫొటో తీసే ఉపగ్రహాలు చాలావరకు మన నెత్తిమీదుగా ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో పోతాయి. ఉత్తర దిక్కును పైన పెట్టి అచ్చువేసిన చిత్రంలో, ఆ వేళ ఎండ కిందివైపు నుంచి, అంటే ఆగ్నేయం నుంచి పడినట్టు ఉంటుంది. మెదడు మోసపోతుంది. కొండలు లోయల్లాగా, లోయలు కొండల్లాగా కనిపిస్తాయి. నది కొండశిఖరం మీద పారుతున్నట్టు ఉంటుంది! మందు చాలా తేలిక. చిత్రాన్ని తలకిందులు చెయ్యండి. కొండలు మళ్ళీ కొండలైపోతాయి.

నీడల మాయలో లోకమంతా పడిన సందర్భం ఒకటుంది. 1976 జులై 25న వైకింగ్-1 నౌక అంగారక గ్రహం మీద తీసిన ఒక ఫొటోలో మనిషి ముఖం కనిపించింది. కళ్ళు, ముక్కు, నోరు అన్నీ ఉన్నాయి. శాస్త్రజ్ఞులు అది కొండమీద పడిన నీడలే అని అప్పుడే చెప్పినా, అంగారకవాసులు చెక్కిన విగ్రహం అని కొందరు పుస్తకాలు కూడా రాశారు. తరువాత 1998లో, 2001లో మరొక నౌక ఇంకా స్పష్టమైన ఫొటోలు తీసింది. ముఖం లేదు. ఒరుసుకుపోయిన బల్లపరుపు గుట్ట ఉంది.

ఎర్రని అడవులు

కొన్ని ఉపగ్రహ చిత్రాలలో అడవులు, పొలాలు మందారపువ్వులాగా ఎర్రగా ఉంటాయి. అచ్చు తప్పు కాదు. ఆకుల్లోని పత్రహరితం ఎర్రని కాంతినీ, నీలికాంతినీ తినేస్తుంది. ఆకుపచ్చను కొంత వెనక్కి పంపుతుంది. అందుకే ఆకు పచ్చగా ఉంటుంది. కాని ఆకు లోపలి కణాల అమరిక, మన కంటికి కనబడని పరారుణ కాంతిని ఇంకా చాలా ఎక్కువగా వెనక్కి కొడుతుంది. ఉపగ్రహంలోని యంత్రం ఆ కాంతిని కొలుస్తుంది. కనబడనిదాన్ని మనకు చూపించాలి కాబట్టి దానికి ఎర్రరంగు వేస్తారు. ఆరోగ్యమైన పైరు నిగనిగలాడే ఎరుపు, వాడిన పైరు వెలిసిపోయిన ఎరుపు. నీరు పరారుణ కాంతిని మింగేస్తుంది కాబట్టి లోతైన నీరు నల్లగా ఉంటుంది.

మనదేశంలో ఈ విద్య మొదలైందే ఒక తెగులు వల్ల. 1970 ప్రాంతంలో కేరళలో కొబ్బరితోటలకు వేరుకుళ్ళు తెగులు పట్టుకుంది. పిషారటి అనే శాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముతో ఆ తోటలను ఫొటో తీశారు. తెగులు తగిలిన చెట్లు మిగతావాటికి భిన్నమైన రంగులో పట్టుబడిపోయాయి. పిషారటిని మన దూరసంవేదన శాస్త్రానికి పితామహుడని అంటారు.

ఇక మీ వంతు: నాలుగు చిత్రాలు

ఇప్పుడు మాటలతో నాలుగు చిత్రాలు గీస్తాను. కళ్ళు మూసుకుని ఊహించండి. జవాబు చదివేముందు ఒక నిమిషం ఆగండి.

మొదటి చిత్రం. ఎర్రనేల. మధ్యలో నీటిమడుగు. దాని అంచు మూడువైపులా చేతివేళ్ళలాగా చీలి, నేలలోకి చొచ్చుకుపోయింది. నాలుగోవైపు అంచు మాత్రం గీత గీసినట్టుంది. ఆ గీతకు అవతల పచ్చని మళ్ళు.

ఇది మీలో చాలామంది ఈత నేర్చుకున్న చోటే. చెరువు! ప్రకృతి తిన్నని అంచులు గియ్యదు. ఆ గీత మనిషి పోసిన కట్ట. కట్ట ఎప్పుడూ పల్లంవైపే ఉంటుంది. కాబట్టి వేళ్ళలాంటి అంచులున్న వైపు మెరక, కట్టవైపు పల్లం. తూములోంచి నీరు పారేది అటే. అందుకే ఆయకట్టు అటు పచ్చగా ఉంది. కట్ట ఒక చివర నుంచి సన్నని వంకరగీత బయలుదేరితే అది అలుగు పారే దారి. తెలంగాణలో మత్తడి అంటారు. ఆ గీత వెంట వెళితే కింద ఇంకో చెరువు, దాని కింద ఇంకోటి కనిపిస్తాయి. పై చెరువు నిండి పొర్లితే కింది చెరువుకు నీరు. కాకతీయుల కాలంలో తవ్వించిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువులనూ ఇలాగే పోల్చవచ్చు.

రెండో చిత్రం. పసుపుపచ్చని ఎడారి. చెట్టూ చేమా లేదు. అందులో వందలకొద్దీ పచ్చని పూర్ణవృత్తాలు, పళ్ళెంలో అప్పడాలు పేర్చినట్టు. ఒక్కొక్కటి సుమారు కిలోమీటరు వెడల్పు.

ఇంత చక్కని వృత్తం రావాలంటే వృత్తలేఖిని ఉండాలి. ఉంది! వృత్తం మధ్యలో బోరుబావి. అక్కడినుంచి చక్రాలమీద నిలబడిన పొడవాటి గొట్టం గడియారం ముల్లులాగా తిరుగుతూ నీళ్ళు చల్లుతుంది. నీరు అందినంతమేర పైరు, అందని మూలల్లో ఇసుక. ఫ్రాంక్ జైబాక్ అనే అమెరికా రైతు ఈ యంత్రానికి 1952లో పేటెంటు పొందాడు. మన చిత్రం ఆఫ్రికాలో లిబియా దేశపు ఆగ్నేయభాగంలోని కుఫ్రా. అక్కడ వానలు దాదాపు లేవు. పైరుకు పెట్టే నీరు వేల సంవత్సరాల కిందట వానలు కురిసిన కాలంలో భూమిలోకి ఇంకినది. తోడినంత తిరిగి చేరదు. అంటే వడ్డీరాని డబ్బును రోజూ ఖర్చుపెట్టడం లాంటిది.

మూడో చిత్రం. నల్లని రాతినేల. అందులో ఇంచుమించు గుండ్రని గుంట, అడుగున నీరు. గుంట అంచు చుట్టూ కాస్త ఎత్తుగా గట్టు. పెద్ద నది ఏదీ దగ్గరలో లేదు. గుంట వెడల్పు సుమారు 1.8 కిలోమీటర్లు.

చెరువా? తిన్నని కట్ట లేదు. గనా? దిగే రోడ్లు, తవ్విపోసిన మట్టిగుట్టలు లేవు. అగ్నిపర్వతపు నోరా? ఒకప్పుడు అలాగే అనుకున్నారు. నల్లరాయి లావా గడ్డకట్టినదే మరి. కాని ఇక్కడి రాళ్ళలో, భయంకరమైన దెబ్బ తగిలితే తప్ప తయారుకాని ఒకరకం గాజు దొరికింది. ఆకాశం నుంచి ఉల్క వచ్చి గుద్దిన చోటు ఇది. మహారాష్ట్ర, బుల్దానా జిల్లాలోని లోణార్ సరస్సు. గట్టుమీది నుంచి అడుగుకు సుమారు 150 మీటర్ల లోతు. నీరు ఉప్పన, పైగా క్షారం. 2020 జూన్‌లో ఈ నీరు గులాబీరంగుకు తిరిగింది. ఉప్పునీటిలో పెరిగే సూక్ష్మజీవులే అందుకు కారణమని పరీక్షల్లో తేలింది.

నాలుగో చిత్రం. రెండు డెల్టాల నడుమ పెద్ద పల్లం. అందులోకి కొన్ని ఏళ్ళు వచ్చి కలుస్తున్నాయి. ఒక్క పాయ మాత్రం సముద్రంవైపు వెళుతోంది. పాత చిత్రంలో ఆ పల్లంలో నీరు, నాచు, తుంగ కలగలిసి మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. తరువాతి సంవత్సరాల చిత్రాలలో అదే చోట నల్లని దీర్ఘచతురస్రాలు పలకలు పరిచినట్టు పుట్టుకొచ్చాయి. వాటి మధ్య సన్నని తెల్లగీతలు.

ఇది మన కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. వచ్చి కలిసే ఏళ్ళలో బుడమేరు, తమ్మిలేరు ఉన్నాయి. సముద్రానికి పోయే పాయ ఉప్పుటేరు. నల్ల దీర్ఘచతురస్రాలు చేపల చెరువులు, తెల్లగీతలు వాటి గట్లు. సరస్సు తనంతట తాను లంబకోణాలు గీసుకోదు కదా!

సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత లోపలి ప్రాంతాన్ని, సుమారు 308 చదరపు కిలోమీటర్లను, 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో ప్రభుత్వం ఆ గీత లోపలి చెరువుల గట్లను పెద్దయెత్తున కొట్టించింది. ఏ సంవత్సరంలో ఎంత సరస్సు చెరువులైందో, గట్లు తెగినచోట నీరు మళ్ళీ కలిసిందో లేదో, అన్నీ ఉపగ్రహ చిత్రాలలో సంవత్సరాలవారీగా నమోదై ఉన్నాయి. కొల్లేరును నమ్ముకుని బతికే చేపలరైతు ఉన్నాడు, వలకట్టుకుని బతికే జాలరి ఉన్నాడు, వరదనీరు ఎక్కడికి పోవాలని అడిగే ఎగువ రైతు ఉన్నాడు, దేశాలు దాటి వచ్చే పక్షులున్నాయి. ఎవరికి ఎంత న్యాయం అన్నది చిత్రం చెప్పలేదు. కాని ఎక్కడ ఏం జరిగిందో చెబుతుంది. వాదనకు దిగేముందు అందరూ ఒప్పుకోవలసిన లెక్క అది.

ఊరు దొరికిన కుర్రవాడు

ఇక మొదట చెబుతానన్న కథ. 1986. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా పట్టణం. సరూ అనే అయిదేళ్ళ పిల్లవాడు అన్నతో కలిసి రైలెక్కి బుర్హాన్‌పూర్ స్టేషనుకు వచ్చాడు. నిద్రముంచుకొచ్చి బెంచీమీద పడుకున్నాడు. మెలకువ వచ్చేసరికి అన్న లేడు. ఆగి ఉన్న రైలెక్కాడు, మళ్ళీ నిద్రపోయాడు. ఆ రైలు అతన్ని దేశానికి అటుచివర కలకత్తాలో దింపింది. తన ఊరిపేరు సరిగా పలకడం రాదు. ఇంటిపేరు తెలియదు. వీధుల్లో కొన్నాళ్ళు బతికి, అనాథాశ్రమం చేరి, చివరికి 1987లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దంపతుల పెంపుడు కొడుకై సరూ బ్రైర్లీ అయ్యాడు.

పెద్దవాడయ్యాక కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ వచ్చింది. ప్రపంచమంతటి ఉపగ్రహ చిత్రాలను ఇంట్లో కూర్చుని చూడవచ్చు. సరూ వెతకడం మొదలుపెట్టాడు. కాని మనదేశంలో రైల్వేస్టేషన్లు వేలల్లో ఉన్నాయి. ఎక్కడని చూస్తాడు?

ఇక్కడే లెక్కలు అక్కరకు వచ్చాయి. రైల్లో సుమారు 14 గంటలు ఉన్నానని అతని అంచనా. ఆనాటి రైళ్ళ వేగంతో గుణిస్తే సుమారు 1,200 కిలోమీటర్లు వచ్చింది. కలకత్తా కేంద్రంగా ఆ వ్యాసార్ధంతో వృత్తం గీశాడు. తన ఊరు ఆ వృత్తం అంచు చుట్టుపక్కల ఎక్కడో ఉండాలి. చిక్కేమిటంటే, వేగం అంచనాలో గంటకు 10 కిలోమీటర్లు పొరపాటు పడితే, 14 గంటలకు 140 కిలోమీటర్లు తేడా వస్తుంది. అంచు కాస్తా వెడల్పాటి పట్టీ అయిపోతుంది. అయినా దేశం మొత్తం వెతకడం కంటే నయమే కదా!

సాయంత్రాలు కూర్చుని, కలకత్తా నుంచి బయలుదేరే రైలుపట్టాల వెంట వేలితో నడిచినట్టు నడిచాడు. అతని దగ్గరున్న ఆనవాళ్ళు కొన్నే: స్టేషను దగ్గర నీళ్ళట్యాంకు, పట్టాలపై నడకవంతెన, "బ" అక్షరంతో మొదలయ్యే స్టేషను పేరు. ఒక్క ట్యాంకును చూసి మోసపోలేదు. ట్యాంకూ, వంతెనా, పట్టాలూ తన జ్ఞాపకంలో ఉన్న అమరికలోనే ఉండాలి. అచ్చం మనం చెప్పుకున్న పొరుగు సూత్రమే.

2011లో ఒకరోజు ఆ అమరిక కనిపించింది. బుర్హాన్‌పూర్! అక్కడినుంచి రైలుమార్గం వెంట ఉత్తరానికి వెళ్ళాడు. చిన్నప్పుడు ఆడుకున్న నది, దానిమీది ఆనకట్ట కనిపించాయి. ఖండ్వా! చిన్నతనంలో తాను "గినెస్ట్‌లే" అని పలికింది, ఆ పట్టణంలోని గణేశ్ తలాయ్ అనే పేట. 2012 ఫిబ్రవరిలో ఆ పేటకు వెళ్ళాడు. కొడుకు ఎప్పటికైనా వస్తాడని తల్లి ఆ చుట్టుపక్కలే ఉండిపోయింది. అన్న మాత్రం లేడు. తమ్ముడు తప్పిపోయిన ఆ రోజుల్లోనే రైలుపట్టాల దగ్గర చనిపోయాడు. సరూ రాసిన పుస్తకం 2013లో వచ్చింది. దాని ఆధారంగా 2016లో "లయన్" అనే సినిమా తీశారు.

చివరికి కాళ్ళతో వెళ్ళాల్సిందే

సరూ కంప్యూటర్ ముందు ఊరిని పోల్చుకున్నా, విమానమెక్కి వెళ్ళి గడప ముందు నిలబడినప్పుడే అది రుజువైంది. శాస్త్రజ్ఞుల పద్ధతీ అదే. చిత్రంలో చూసి ఇది ఫలానా అని ఊహిస్తారు. తరువాత నేలమీదికి వెళ్ళి సరిచూస్తారు.

ఒకసారి అలా సరిచూడడం ప్రాణంమీదికి వచ్చింది. కెనడాకు చెందిన బెట్టీ ఫ్లెమింగ్ అనే ఆవిడ 1973లో ల్యాండ్‌శాట్ తీసిన చిత్రాలను పరిశీలిస్తూ, లాబ్రడార్ తీరానికి 20 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో ఒక అనుమానాస్పదమైన చుక్కను గుర్తించారు. పటాల్లో అక్కడ ఏమీ లేదు. 1976లో ఫ్రాంక్ హాల్ అనే అధికారి హెలికాప్టర్‌లో వెళ్ళాడు. నడుముకు తాడు కట్టుకుని కిందికి దిగుతుంటే, మంచుకప్పిన ఆ రాతిమీద తెల్లటిదేదో కదిలింది. ధ్రువపు ఎలుగుబంటి! పంజా విసిరింది. పైకి లాగండో అని అరిచి, ఎలాగో బయటపడ్డాడు. కాని దీవి ఉన్నమాట నిజమే. దాని కొలతలు 25 మీటర్లు, 45 మీటర్లు. ల్యాండ్‌శాట్ గడి సుమారు 80 మీటర్లు. గడికంటే చిన్న దీవి ఎలా కనిపించింది? చుట్టూ నీళ్ళ గళ్ళన్నీ ఒకే రంగులో ఉంటే, ఈ గడి రంగును రాయీ, మంచూ కలిసి కొంచెం మార్చేశాయి. ఆ కొంచెం తేడాను ఆవిడ వదిలిపెట్టలేదు. ఆ దీవికి ల్యాండ్‌శాట్ దీవి అనే పేరు పెట్టారు.

మీరు కూడా ప్రయత్నించండి. ఎలుగుబంటి భయం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనులోనో, బడిలో కంప్యూటర్‌లోనో ఉపగ్రహ చిత్రాలు తెరవండి. ఊరిపేర్లు కనబడకుండా చేసి, మీ ఊరు దొరుకుతుందేమో చూడండి. ముందు చెరువు కట్ట, రైలుగేటు, బడి మైదానం పట్టుకోండి. తరువాత స్నేహితుడికి ఒక చోటు చూపించి పోల్చమనండి. అతను ఏమని చెప్పినా, "ఎలా చెప్పావు?" అని అడగండి. మూడు ఆనవాళ్ళు చెప్పలేకపోతే మార్కులు లేవు!

మెదడుకు మేత

1. చెరువు చిత్రంలో తిన్నని అంచు తూర్పున ఉంది. నేల ఎటు పల్లం?

2. వీధిదీపం స్తంభం ఎత్తు 8 మీటర్లు, చిత్రంలో దాని నీడ 2 మిల్లీమీటర్లు. నీళ్ళట్యాంకు నీడ 5 మిల్లీమీటర్లు. ట్యాంకు ఎత్తెంత?

3. విమానాశ్రయం చిత్రంలో రన్‌వే ఒక చివర 09 అనీ, రెండో చివర 27 అనీ రాసి ఉంది. పడమటి చివర ఏది?

4. మిట్టమధ్యాహ్నం తీసిన చిత్రంలో నీడలన్నీ దక్షిణంవైపు ఉన్నాయి. "ఇది భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశమే" అన్నాడు మీ స్నేహితుడు. ఒప్పుకుంటారా?

జవాబులు

1. తూర్పు. కట్ట ఎప్పుడూ పల్లంవైపే.

2. 20 మీటర్లు.

3. 09 ఉన్న చివర. రన్‌వే అంకెను పదితో గుణిస్తే, ఆ చివర నుంచి దిగే విమానం దిక్సూచి ప్రకారం ఎటు పోతుందో తెలుస్తుంది. 90 డిగ్రీలంటే తూర్పు. తూర్పుకు పోయే విమానం పడమటి చివర నుంచే కదా దిగాలి! హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయంలో ఈ అంకెలే ఉన్నాయి.

4. ఒప్పుకోవద్దు. హైదరాబాదులో మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నవేళ సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో మన నీడలూ దక్షిణానికే పడతాయి. నమ్మకం లేకపోతే వచ్చే జూన్‌లో ఆవరణలో కర్ర పాతి చూడండి. పొట్టి నీడే, కాని పడేది దక్షిణానికే!